ముందు పరిచయం, తరువాతే పత్రం

2020 వసంతంలో కరోనా భయంతో ఇటలీ అంతా తలుపులు మూసుకుంది. రోముకు దక్షిణాన సముద్రపు ఒడ్డున తోర్వాయనికా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ సెక్స్‌వర్కే జీవనాధారంగా ఉన్న ట్రాన్స్ మహిళలకు ఆ రోజుల్లో పూట గడవడం కష్టమైంది. చాలామంది లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవారు. చిన్నప్పుడు జ్ఞానస్నానం పొంది, పెద్దయ్యాక గుడికి దూరమైనవారూ వారిలో ఉన్నారు. ఆకలి వేసి ఊరి కేథలిక్ చర్చి తలుపు తట్టారు. ఫాదర్ ఆంద్రియా కొనోక్కియా ముందు తిండి సంగతి చూశారు. ఆ తరువాత, మీ గోడు పోపు గారికే రాసుకోండి అన్నారు. వాళ్లు రాశారు.

వాటికన్ తరఫున దానధర్మాలు చూసే కార్డినల్ కొన్రాడ్ క్రాయెవ్‌స్కీ నుంచి డబ్బు వచ్చింది. మరుసటి ఏడాది వాటికన్‌లోనే టీకాలు వేశారు. బుధవారాల్లో పోపు ఫ్రాన్సిస్ జరిపే బహిరంగ దర్శనానికి పిలుపులు వచ్చాయి. 2023 నవంబర్ 19న, పేదల ప్రపంచ దినాన, పోపు ఇచ్చిన విందులో 1,200 మంది దాకా కూర్చుంటే వారిలో వీరూ ఉన్నారు. ఈ రాకపోకలకు దారి వేసినవారిలో సిస్టర్ జెనవీవ్ జన్నింగ్రోస్ ఒకరు. ఓస్తియాలో రంగులరాట్నాలు తిరిగే లూనాపార్కులో, ఒక కారవాన్ బండిలో కాపురముండే ఫ్రెంచి మఠకన్య ఆమె. 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్సిస్ భౌతికకాయం దగ్గర వరుస తప్పి నిలబడి కన్నీరు పెట్టుకున్న ముసలి సిస్టర్‌ను ప్రపంచమంతా టీవీలో చూసింది. ఆమే ఈమె.

ఇంత ఆదరణ దొరికింది కదా, మరి బోధ మారిందా? మారలేదు. 1992లో వెలువడిన కేథలిక్ సత్యోపదేశం స్వలింగ సంపర్కాన్ని క్రమం తప్పిన పనిగానే చెబుతుంది. ఆ వెంటనే, అలాంటి ఆకర్షణ ఉన్నవారిని గౌరవంతో, కరుణతో స్వీకరించాలని, వారిపై అన్యాయమైన వివక్ష చూపరాదని కూడా చెబుతుంది. ఒక చేత్తో తోసి ఇంకో చేత్తో దగ్గరికి తీసుకున్నట్టుగా ఉంటుంది చదివినవారికి. ఏటా తపస్సు కాలం పాటించే, రోజూ జపమాల చెప్పుకునే గే విశ్వాసి ఈ రెండు చేతుల మధ్యే బతకాలి. ఈ నలుగుబాటును తేలికగా తీసుకుని, ప్రేమే అన్నీ జయిస్తుందని రాసేస్తే వ్యాసం తీయగా ఉంటుంది గాని నిజంగా ఉండదు. తట్టుకోలేక వెళ్లిపోయినవారు చాలామంది ఉన్నారు. వారి విశ్వాసం బలహీనమైందని ఎవరూ అనలేరు.

ఉండిపోయినవారిలో సిస్టర్ జెనీన్ గ్రామిక్ కథ పెద్దది. 1971లో ఆమె ఫిలడెల్ఫియాలో గణితం చదువుకుంటున్నారు. ఒక ఇంట్లో జరిగిన పూజ దగ్గర డొమినిక్ బ్యాష్ అనే గే యువకుడు పరిచయమయ్యాడు. మా వాళ్ల కోసం శ్రీసభ ఏం చేస్తోంది సిస్టర్ అని అడిగాడు. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. చేయగలిగిందల్లా అతని స్నేహితులను పోగుచేసి ఇళ్లలో పూజలు ఏర్పాటు చేయడం. ఆ పని మొదలుపెట్టారు. 1977లో ఫాదర్ రాబర్ట్ న్యూజెంట్‌తో కలిసి మేరీలాండ్‌లో 'న్యూ వేస్ మినిస్ట్రీ' స్థాపించారు.

తరువాతి కాలమంతా ఆంక్షలే. 1986లో వాటికన్ ఒక లేఖ పంపింది. సభ బోధతో విభేదించే సంఘాలకు చర్చి ఆవరణల్లో చోటివ్వవద్దన్నది దాని సారం. 'డిగ్నిటీ' అనే గే కేథలిక్కుల సంఘం అమెరికాలో ఒక్కో గుడినీ ఖాళీ చేయాల్సి వచ్చింది. గ్రామిక్, న్యూజెంట్‌లపై దర్యాప్తు ఏళ్ల తరబడి నడిచింది. ఆ రోజుల్లో ఒకసారి విమానంలో ఆమెకు కార్డినల్ జోసెఫ్ రాట్జింగర్ తారసపడ్డారు. దర్యాప్తు చేస్తున్న కార్యాలయానికి అధిపతి ఆయనే, తరువాత పోపు బెనెడిక్ట్ అయ్యారు. మీరెప్పుడైనా గే మనుషులను కలిశారా అని ఆమె అడిగారట. బెర్లిన్‌లో పోపుకు వ్యతిరేకంగా ఊరేగుతుంటే చూశానని ఆయన జవాబిచ్చారని ఆమే తరువాత చెప్పారు. ఆయన మర్యాదగానే మాట్లాడారని కూడా అన్నారు. కథలో కీలకం ఇక్కడే ఉందనిపిస్తుంది. ఆమె ఎరిగినవారు పేర్లున్న మనుషులు, ఆయన చూసింది ఊరేగింపు.

1999లో ఇద్దరికీ ఈ సేవ చేయరాదని శాశ్వత నిషేధం వచ్చింది. న్యూజెంట్ తలవంచి మామూలు గుడి పనికి వెళ్లిపోయారు. 2014లో గురువుగానే కన్నుమూశారు. గ్రామిక్ మౌనం ఒప్పుకోలేదు. తన మఠసభ ఒత్తిడి పెడితే 2001లో లొరెట్టో సిస్టర్ల సభకు మారారు గాని, మఠకన్య జీవితం వదల్లేదు. ఇద్దరిలో ఎవరిది సరైన దారి? విధేయత ఒకరిని, అంతరాత్మ ఒకరిని నడిపించాయి. శ్రీసభ ఈ రెంటినీ సుగుణాలుగానే నేర్పుతుంది.

2021 డిసెంబర్‌లో పోపు ఫ్రాన్సిస్ స్వదస్తూరీతో ఆమె యాభై ఏళ్ల సేవను మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. 2023 అక్టోబర్ 17న తన నివాసంలో కలుసుకున్నారు. నిషేధాన్ని మాత్రం ఎవరూ అధికారికంగా రద్దు చేసిన దాఖలా లేదు. కేథలిక్ సభలో మార్పులు తరచు ఇలాగే వస్తాయి. పాత కాగితం ఫైల్లోనే ఉంటుంది, మనిషి లోపలికి వచ్చేస్తాడు.

కాగితాలనే నమ్ముకుంటే మనసు నిలకడగా ఉండదు. 2013లో, సద్బుద్ధితో దేవుణ్ణి వెతికే గే మనిషికి తీర్పు తీర్చడానికి నేనెవరినని ఫ్రాన్సిస్ విమానంలో విలేకరులతో అన్నారు. 2021 మార్చిలో అదే వాటికన్, స్వలింగ బంధాలకు ఆశీర్వాదం కుదరదంది. 2023 డిసెంబర్ 18న, పూజావిధి రూపంలో కాకుండా, పెళ్లిని పోలకుండా, గురువులు అలాంటి జంటలను దీవించవచ్చని మరో పత్రం వచ్చింది. మూడు వారాలు దాటిందో లేదో ఆఫ్రికా పీఠాధిపతులు తమ ఖండంలో అది తగదని ప్రకటించారు. 2024 ఏప్రిల్ పత్రం లింగమార్పిడిని తప్పుపట్టింది. ఈ ఎగుడుదిగుళ్లను రోజూ వార్తల్లో వెంటాడే విశ్వాసి అలసిపోతాడు.

నిరీక్షణ గురించి థామస్ అక్వినాస్ చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. నిరీక్షించేది మేలైనదై, ఇంకా రానిదై, కష్టసాధ్యమై, అయినా అసాధ్యం కానిదై ఉండాలంటాడాయన. సులువుగా దొరికేదానికి నిరీక్షణ అక్కర్లేదు. ఎన్నటికీ దొరకనిదాని మీద అది నిలవదు. తోర్వాయనికా మహిళలకు గాని, గ్రామిక్ పోగుచేసిన ఇంటి పూజల బృందానికి గాని అసాధ్యం కాదని తెలిసింది ఒక మనిషి ముఖం చూశాకే.

బైబిలులోనూ ఇలాంటి నడక ఉంది. నపుంసకుడు ప్రభువు సమాజంలో చేరరాదని ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో నియమం. యెషయా 56వ అధ్యాయానికి వచ్చేసరికి, నిబంధన పాటించే నపుంసకులకు దేవుని ఇంట్లో కొడుకులు కూతుళ్లకంటే శ్రేష్ఠమైన పేరు దొరుకుతుందని ప్రవక్త వాగ్దానం వినిపిస్తాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఇథియోపియా రాణి కొలువులోని నపుంసకుడు రథంలో కూర్చుని యెషయానే చదువుతుంటాడు. ఇదిగో నీళ్లున్నాయి, నాకు జ్ఞానస్నానానికి అడ్డేమిటని అడిగితే, ఫిలిప్పు కారణాలు వెతక్కుండా నీళ్లలోకి దిగుతాడు. నాటి నపుంసకులు, నేటి ఎల్‌జీబీటీక్యూ విశ్వాసులు ఒకటే అనడం పొరపాటు. అయినా గీత గీసిన గ్రంథమే ఆ గీతను దాటించిందన్నది గమనించదగ్గది.

మన దేశంలో సంగతి చూస్తే, 2013లో సుప్రీంకోర్టు, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్‌ను తిరిగి నిలబెట్టినప్పుడు ముంబయి కార్డినల్ ఓస్వాల్డ్ గ్రేషియస్ గే మనుషులను నేరస్థులుగా చూడటం సరికాదన్నారు. గే పెళ్లిళ్లను మాత్రం ఆయన ఒప్పుకోలేదు. 2018 సెప్టెంబర్ 6న ఆ సెక్షన్ కోరలు ఊడాయి. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు నిజాం కాలపు నపుంసకుల చట్టాన్ని కొట్టేసింది. చట్టం కదిలినంత వేగంగా గుడి అరుగు మీద మాటలు కదలవు. తెలుగు కేథలిక్కులకు ఈ అనుభవం కొత్త కాదు, కులం విషయంలో చూసిందే. సభలోనే కులవివక్ష ఉందని భారత పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానం ప్రకటిస్తూ ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే.

2025 జూబిలీ సంవత్సరానికి వాటికన్ పెట్టిన పేరే నిరీక్షణా యాత్రికులు. ఆ ఏడాది సెప్టెంబర్ 6న వెయ్యిమందికి పైగా ఎల్‌జీబీటీక్యూ కేథలిక్కులు, వారి తల్లిదండ్రులు, స్నేహితులు సెయింట్ పీటర్ మహాలయపు పవిత్ర ద్వారం గుండా నడిచారు. యేసు సభ వారి జెజూ చర్చిలో వారికి పూజ చేసింది ఇటలీ పీఠాధిపతుల సమాఖ్య ఉపాధ్యక్షుడు ఫ్రాంచెస్కో సావినో. ఫ్రాన్సిస్ తరువాత వచ్చిన పోపు లియో అదే నెలలో వెలువడిన ఇంటర్వ్యూలో, అందరికీ ఆహ్వానం ఉంటుందని, బోధ మాత్రం దగ్గరలో మారే సూచన లేదని తేల్చేశారు.

ఇంతగా ప్రచారం కాని మరో కాగితం ఉంది. బ్రెజిల్‌లో సాంతో అమారో పీఠాధిపతి జోసే నెగ్రి కొన్ని ప్రశ్నలు పంపితే, 2023 అక్టోబర్ 31న ఫ్రాన్సిస్ ఆమోదంతో వాటికన్ జవాబిచ్చింది. విశ్వాసుల్లో అపవాదుకు, గందరగోళానికి తావు లేకపోతే ట్రాన్స్ వ్యక్తి జ్ఞానస్నానం పొందవచ్చు. కొన్ని షరతులతో జ్ఞానతల్లిగానో, జ్ఞానతండ్రిగానో నిలబడవచ్చు. పెళ్లికి సాక్షిగా ఉండటానికి సభా చట్టంలో అడ్డు లేదు. ఆ అపవాదు, గందరగోళం ఉన్నాయో లేవో తూచాల్సింది ఎక్కువ భాగం ఆ ఊరి విచారణ గురువే. బ్రెజిల్‌లోనైనా, ఏలూరులోనైనా, ఖమ్మంలోనైనా అంతే. రేపు ఆదివారం పూజ అయ్యాక ఒక ట్రాన్స్ మహిళ, ఫాదర్ గారూ, మా అక్క బిడ్డకు జ్ఞానతల్లిగా ఉండొచ్చా అని అడిగితే, ఆయన రోముకు రాయనక్కర్లేదు.