భయమును చూచి ఆనందింపవచ్చునా?

డబ్బిచ్చి భయమును కొనితెచ్చుకొనుట బుద్ధిమంతులకు తగిన వినోదమేనా యని మన యిండ్లలో పెద్దలు తఱచుగ ప్రశ్నించుచుందురు. దయ్యముల చిత్రములు పిల్లల నిద్రను చెఱచుననియు, మూఢవిశ్వాసములను పెంచుననియు, రక్తమును చూచి చలింపని కాఠిన్యమును మనసునకు నేర్పుననియు వారి వాదము. మేమును చిరకాలము ఆ పక్షముననే యుంటిమి. ఈ వేసవి సెలవులలో ఇంటి పిల్లల బలవంతమున, వారితో గూడ కూర్చుండి, కొన్ని భయానక చిత్రములను చూచితిమి. వానిలో కొన్ని, వెలువడిననాడు ఆదరణము పొందక, పిదప కొలదిమంది అభిమానుల వలన బ్రదికి, తరతరములకు ఆరాధ్యములైనవి. ఇట్టివానినే కల్టు చిత్రములందురు. మన యువకులు ఇప్పుడు తమకు నచ్చిన ప్రతి చిత్రమునకును ఈ బిరుదమునే తగిలించుచున్నారు గాని, ఆ మాటకు మొదటి యర్థమిది. చూచిన పిమ్మట మా యభిప్రాయము కొంత మాఱినది. ఎట్లు మాఱినదో, ఎంతవఱకు మాఱలేదో పాఠకులకు విన్నవింతుము.

భయము దుఃఖహేతువు గదా, దానియందు ఆనందమేమి యను శంక క్రొత్తది కాదు. భరతముని చెప్పిన యెనిమిది రసములలో బీభత్సమును గలదు, భయానకమును గలదు. అభినవగుప్తుడు భయానకమును వివరించుచు, కాళిదాసుని శాకుంతలమున దుష్యంతుని రథమునకు ముందు పరుగిడు లేడిని ఉదాహరించెను. రంగమున మనము చూచు ఆ భయము ఆ లేడి యొక్కదానిది కాదు, మన సొంతమును కాదు. ఒక దేశమునకు గాని కాలమునకు గాని కట్టుబడక, అందఱిదియు నైన భయమది. కావుననే ప్రేక్షకుడు లేచి పాఱిపోక, కూర్చుండి దానిని ఆస్వాదించును. యవన పండితుడైన అరిస్టాటిలు సైతము విషాదనాటకము జాలిని, భయమును కలిగించి ఆ భావములను శుద్ధిచేయునని చెప్పెను. కావున భయమును చూచి ఆనందించుట తనంతట తాను దోషము కాదు. ఈ మొదటి ప్రశ్న తేలికగనే తీఱినది.

అసలు చిక్కు రెండవ ప్రశ్నలో నున్నది. చిత్రము మనలను ఎవరిని చూచి భయపడుమనుచున్నది? కాళిదాసుని నాటకమున బాణము ఎక్కుపెట్టినవాడు దుష్యంతుడు. మనము లేడి పక్షమున నిలిచి భయపడితిమి. అట్లుగాక, వేటగాని రథమున కూర్చుండి, పరుగిడు లేడినే భూతమని నమ్మితిమేని, అప్పుడు మన భయము ఏమగును? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొనియే తక్కిన చిత్రములను పరిశీలింతము.

మేరీ షెల్లీ 1818లో ప్రకటించిన నవల నాధారముగ గొని జేమ్స్ వేల్ తీసిన ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రము 1931లో వెలువడెను. శవముల అవయవములను కూర్చి ఒక శాస్త్రజ్ఞుడు చేసిన ప్రాణిగా బోరిస్ కార్లాఫ్ నటించెను. ఆ ప్రాణి పుట్టిన కొలది కాలమునకే వానిని దివిటీతో బెదరింతురు. వాడు నిప్పును చూచి వడకును. తరువాత చెఱువుగట్టున ఒక పసిపిల్ల వానిని చూచి భయపడక, చేయిపట్టి కూర్చుండబెట్టుకొని, పూవులను నీటిపై తేలించు ఆట నేర్పును. పూవులైపోగానే, ఆ పిల్లయు పూవువలెనే తేలునని తలచి, వాడు ఆమెను నీటిలో వేయును. పాపమెఱుగని తెలివితక్కువతనమది. ఈ ఘట్టము క్రూరముగ నున్నదని నిషేధాధికారులు ఆ రోజులలో కత్తిరించిరి. కత్తిరింపగా మిగిలినదేమి? పిల్లవైపు చాచిన చేతులును, పిదప చచ్చిన బిడ్డను మోసికొని వీథిలో నడచు తండ్రియు. నడుమ నేమి జరిగెనో ప్రేక్షకుని ఊహకు విడువబడెను. ఊహ యెల్లప్పుడును నిజము కంటె క్రూరమైనది. మనలను రక్షింపనెంచిన కత్తెర, ఆ ప్రాణికి గల ఒక్క సాక్ష్యమును తీసివేసి, వానిని నిజమైన రాక్షసునిగా చేసెను. కొన్ని దశాబ్దముల పిదప ఆ భాగము చిత్రమున మరల చేర్పబడినది. చివర ఊరివారెల్లరు దివిటీలతో, వేటకుక్కలతో వానిని తఱిమి, గాలిమరలో బంధించి నిప్పుపెట్టుదురు. మంటలో వాడు అఱచు అఱపు భూతపు టఱపు కాదు. అది భయపడిన జంతువు అఱపు.

మఱుసటి యేడు, అనగా 1932లో, టాడ్ బ్రౌనింగ్ తీసిన ఫ్రీక్స్ అను చిత్రము వెలువడెను. ఒక సర్కసులోని మరుగుజ్జునకు ఆస్తి గలదని తెలిసి, ఒక సుందరి వానిని పెండ్లాడి, విషము పెట్టుట ఇందలి కథ. బ్రౌనింగ్ వేషములతో పని జరుపుకొనలేదు. వికృతశరీరములతో పుట్టి, సర్కసులలో ప్రదర్శింపబడుచు బ్రదుకువారినే నటులుగా గైకొనెను. కాలుసేతులు లేని యొకడు నోటితోనే అగ్గిపుల్ల గీచి సిగరెట్టు ముట్టించుకొనును. దానిని చూచిన రెండు నిముషములలో మనకు వాని వైకల్యము మఱచిపోవును, వాని నేర్పు మాత్రము గుర్తుండును. ఇది ఈ చిత్రమున గల గొప్ప ధర్మము. కాని చివర ఆ జనులే వానలో, బురదలో, కత్తులు పట్టి ప్రాకుచు వత్తురు. అంతవఱకు మనుష్యులుగా చూపబడినవారు అప్పుడు మన వెన్ను వణకించు సాధనములగుదురు. చూపిన దయను దర్శకుడే తిరిగి తీసికొనెను. ప్రేక్షకులు ఈ చిత్రమును సహింపలేకపోయిరి. నిర్మాతలు దాదాపు మూడవవంతు కోసివేసిరి. బ్రిటనులో ముప్పదియేండ్లకు పైగా నిషేధింపబడెను. 1960 తరువాతి దశకమున యువకులు దానిని వెదకి తీసి ఆరాధించిరి. మా మట్టుకు మేము దీనిని సగము మెచ్చి, సగము నిందింపవలసి యున్నది.

మా మనసును మిక్కిలి కలచినది, జార్జి రొమేరో 1968లో తీసిన నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్. చచ్చినవారు లేచి బ్రదికినవారిని తినుచుండగా, పల్లెలోని ఒంటరి యింట కొందఱు చిక్కుకొందురు. వారిలో బెన్ అను నల్లజాతి యువకుడు, డ్యువేన్ జోన్స్ అనునతడు ధరించిన పాత్ర, ఒక్కడే ధైర్యముతో, తెలివితో రాత్రియెల్ల పోరాడి తెల్లవారువఱకు ప్రాణము నిలుపుకొనును. ఉదయమున రక్షింపవచ్చిన తుపాకిదండు కిటికీలో కదలిన వానిని చూచి, పిశాచమని తలచి, నుదుట కాల్చును. పిదప కదలని ఛాయాచిత్రములలో మనకు కనబడునది యేమనగా, కొంకులతో ఆ దేహము నీడ్చుట, శవముల కుప్పపై వేయుట, నిప్పుపెట్టుట. మార్టిన్ లూథర్ కింగ్ హత్య గావింపబడినది ఆ యేడు ఏప్రిలులో. చిత్రము వెలువడినది అక్టోబరులో. ఆ పాత్రకు వచ్చినవారిలో జోన్స్ మిక్కిలి మంచి నటుడగుటచేతనే తీసికొంటిమని రొమేరో చెప్పుచుండెను. ఆయన ఉద్దేశము ఏదైనను, రాత్రియెల్ల శవములను చూచి భయపడిన మనము, తెల్లవారినపిదప బ్రదికినవారిని చూచి భయపడితిమి. దండులోనివారు క్రూరులు కారు. నవ్వుచు, కాఫీ త్రాగుచు, ఊరికి మేలు చేయుచున్నామని నమ్మినవారు. మమ్ము వణకించినది ఆ నమ్మకమే.

ఇక మన యింటికి వత్తము. కార్తీక్ వర్మ దండు దర్శకత్వమున 2023లో వచ్చిన విరూపాక్ష తెలుగునాట విశేషాదరణము పొందెను. భయము కలిగించుటలో అది చేయితిరిగిన పని. క్షుద్రపూజలు చేయుచున్నారని యొక దంపతులను ఊరివారు సజీవముగ దహించుటతో కథ మొదలగును. పండ్రెండేండ్ల పిదప ఊరిలో వరుసగ చావులు కలుగును. ఆ మొదటి మంట పాపమనియు, దాని ఫలము ఊరు అనుభవించెననియు ఒక విధమున చిత్రము చెప్పుచున్నది, అంతవఱకు మెచ్చుకొనవలసినదే. కాని కథ యంతయు క్షుద్రవిద్య నిజమను పునాదిపై నిలిచినది. మంట పెట్టినవారి పద్ధతి తప్పు కావచ్చును, వారి భయము మాత్రము తప్పు కాదని ప్రేక్షకుడు ఇంటికి వెళ్లును.

కథ కథయే, చూచువానికి ఆ మాత్రము తెలియదా యని కొందఱనవచ్చును. మేమును అట్లే యనుకొంటిమి. ఆ చిత్రము వచ్చిన యేడు మా బడి వాకిట చెట్టుక్రింద జామకాయలు అమ్ముకొను ఒక అవ్వ యుండెడిది. ఒక పిల్లవాడు కాయలకై ఆమెతో తగవులాడి, మఱునాడు జ్వరముతో పడెను. అంతట పిల్లలామెకు చేతబడి అవ్వ యని పేరు పెట్టిరి. ఆ మాట ఉపాధ్యాయుల గదిలోనికి వచ్చినప్పుడు అందఱును నవ్విరి, మేమును నవ్వితిమి. కొనువారు తగ్గిరి. ఒకనాడు గంపలో రాయి పడెను. కొన్నాళ్లకు ఆమె రాలేదు. ఎక్కడికి పోయినదో మేమడుగలేదు. రొమేరో చిత్రమున తుపాకిదండువారి నవ్వులను చూచిన రాత్రి, మా నవ్వు మాకు జ్ఞప్తికి వచ్చెను.

ఇది చిన్న విషయమని పాఠకులు తలపరాదు. చేతబడి, బాణామతి, చిల్లంగి యను మాటలు మన పల్లెలలో కథలలోని మాటలు మాత్రమే కావు. దేశమున జరుగు హత్యల కారణములను లెక్కించు జాతీయ నేరనమోదుల సంస్థవారి పట్టికలలో మంత్రవిద్య యనుదానికి వేఱుగ నొక గడియే యున్నది. మంత్రగత్తెయను నిందను ఆపుటకు బీహారు 1999లో శాసనము చేసెను. మూఢాచారములపై పోరాడిన నరేంద్ర దాభోల్కర్ హత్య గావింపబడిన పిదప 2013లో మహారాష్ట్రము శాసనము చేసెను. చీకటిలో రెండుగంటలు నేర్చిన భయము వెలుతురులోనికి వచ్చినప్పుడు తనకొక ముఖమును వెదకికొనును. ఆ ముఖము తఱచుగ దిక్కులేని ముసలిదానిది, వితంతువుది, బీదవానిది. బలవంతుని ముఖమున దయ్యమును చూచు ధైర్యము గుంపునకు ఉండదు.

అయినచో దయ్యపు కథ చెప్పకుండుటయే మేలా? కాదని తుంబాడ్ చిత్రము మాకు బోధించెను. రాహి అనిల్ బర్వే దర్శకత్వమున 2018లో వచ్చిన ఈ హిందీ చిత్రము మొదట అంతంతమాత్రముగ నాడి, 2024లో తిరిగి విడుదలయైనప్పుడు మునుపటికంటె ఎక్కువమందిచే చూడబడెను. ఇందును భూతము గలదు. దానియొద్ద బంగారు నాణెములు గలవు. పిండిబొమ్మను ఎరచూపి, అది తినులోపల నాణెములు దొంగిలించుకొని రావలెను. కాని చూచుకొలదియు మనము భయపడునది ఆ భూతమును చూచి కాదు, ఎంత తెచ్చినను చాలదను వినాయకుని ఆశను చూచి. ఆ ఆశ మన యింటిలోనిదే. చివర భూతరూపమైన తండ్రి చాచిన బంగారమును కొడుకు నిరాకరించును. అక్కడను నిప్పు గలదు. అయితే అది గుంపు పెట్టిన నిప్పు కాదు, పరులపై పెట్టిన నిప్పును కాదు. తన వంశపు పాపమును తానే ముగించుటకు కొడుకు ముట్టించినది.

బీభత్సమునుండి భయానకము పుట్టుననియు, రౌద్రమునుండి కరుణ పుట్టుననియు భరతుడు చెప్పెను. ఈ రెండు మాటలలోనే మేము వెదకిన కొలమానము గలదని తోచుచున్నది. ఏవగింపునుండి భయమును, భయమునుండి కోపమును పుట్టించి, అక్కడనే దీపములు వెలిగించి మనలను ఇంటికి పంపు చిత్రము సగములో ఆగినది. ఆ కోపము ఏమి చేసెనో చూపి, మనచే కన్నీరు పెట్టించు చిత్రము కడవఱకు నడచినది. అయితే భయము స్త్రీలకును, అల్పులకును సహజమని ఆ మునియే చెప్పిన మాటను మాత్రము మేమంగీకరింపము. మేము చూచిన చిత్రములలో దివిటీలు, తుపాకులు పట్టి ముందు నడచినవారు ఊరి పెద్దమనుష్యులు, పురుషులు. అందఱికంటె ఎక్కువ భయపడినవారు వారే. తమది భయమని ఒప్పుకొననివారును వారే.

కావున గృహస్థులకు మేము విన్నవించునది ఇంతియే. ఈ చిత్రములను ఇంటినుండి వెడలగొట్టవలదు. ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రమును కోసిన కత్తెర యేమి చేసెనో చూచితిమి గదా. పిల్లలను ఒంటరిగ చూడనీయక, వారితో కూర్చుండి చూడుడు. బొమ్మ ముగిసినపిదప దయ్యము నిజమా, అబద్ధమా యని వాదింపుడు; అబద్ధమని నిస్సంకోచముగ చెప్పుడు. అంతటితో ఆగక, ఇంకొక ప్రశ్న వేయుడు: ఈ కథలో నిప్పు ఎవరి చేతిలో నున్నది, అది ఎవరిమీద పడినది? పసివారు దీనికి మనకంటె త్వరగ జవాబు చెప్పుదురు.

బడులు తెఱచినపిదప మా తరగతిలో మేమును ఈ ప్రశ్న వేయదలచితిమి. కాని అంతకు ముందు చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. ఆ అవ్వ ఏ వీథినుండి వచ్చెడిదో మేమెన్నడును అడుగలేదు. ఇప్పుడైన అడిగి తెలిసికొనవలెను.