లక్కు, ఖర్మ, బ్రేక్ లైనింగు

తొలకరి పడిందంటే వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో పైరుకంటే ముందు మనుషులు మొలుస్తారు. బళ్ళారి వైపునుంచి కూడా సద్దిమూటలు కట్టుకుని వస్తారు. తలలు వంచుకుని, అడుగులో అడుగేసుకుంటూ, ఎర్రమట్టిలో మెరిసే రాయి కోసం పొద్దస్తమానం వెతుకుతారు. నేల లోపల కింబర్లైట్ రాయి ఉంది, వాననీళ్ళు పైమట్టిని కడిగితే వజ్రాలు బయటపడతాయి. ఇంతవరకూ భూగర్భశాస్త్రం చెబుతుంది. ఆ రాయి నా కాలి ముందు తేలుతుందా, పక్కావిడ కాలి ముందా అనే దగ్గర శాస్త్రం ఆగిపోతుంది. అక్కడ మా వైపు జనానికి ఒకటే మాట. “ఏం పెద్దమ్మా, ఏమన్నా దొరికిందా?” అంటే, బడి గడప తొక్కని ముసలమ్మ కూడా “లక్కుండాల గదప్పా” అంటుంది.

నేను గుంతకల్లులో ఇంటర్ పిల్లలకు లాజిక్ చెప్పి రిటైరయ్యాను. బహుశా ఆ వృత్తిరోగమే కావచ్చు, ఒక మాటను జనం ఎక్కడ వాడతారో వినేటప్పుడు ఎక్కడ వాడరో కూడా వింటాను. నాకు మంచి జరిగితే “ఏదో లక్కు” అంటాను, అది వినయం. పక్కింటివాళ్ళ పిల్లకు మంచి ర్యాంకొస్తే “లక్కు కలిసొచ్చింది” అంటాను, అందులో కొంచెం కడుపుమంట ఉంది. ఆ పిల్ల రాత్రుళ్ళు మేల్కొన్న సంగతి ఆ మాటతో చల్లగా చెరిగిపోతుంది. నాకు చెడు జరిగితే బ్యాడ్ లక్. పక్కవాడికి చెడు జరిగినప్పుడు మాత్రం నోట్లోకి ఇంగ్లీషు రాదు. “వాని ఖర్మ” అంటాం.

ఈ నాలుగో వాడుకే నన్ను చాలాకాలం కుదురుగా ఉండనివ్వలేదు. లక్కుకు తెలుగులో అదృష్టం అని నిఘంటువులు రాస్తాయి కానీ, ఆ రెంటి పుట్టుకలు వేరు. కణాదుడి వైశేషిక సూత్రాల్లో అదృష్టం అంటే కంటికి కనబడని కారణం. అయస్కాంతం వైపు సూది కదలడానికి, మంట పైకే లేవడానికి కూడా ఆయన అదే కారణం చెప్పాడు. తర్వాతి నైయాయికులు దాన్ని జీవుడు మూటగట్టుకున్న ధర్మాధర్మాలుగా స్థిరపరిచారు. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ధర్మం, అధర్మం రెండింటినీ ఇరవైనాలుగు గుణాల జాబితాలో లెక్కేశాడు. అంటే శాస్త్రంలో అదృష్టం గుడ్డిది కాదు. దాని వెనక లెక్క ఉంది, ఆ లెక్క మనకు కనబడదు, అంతే. లక్కు వెనక లెక్కే లేదు.

లెక్కలేనితనం గురించి మన పెద్దలు ఆలోచించలేదా అంటే, ఆలోచించారు. శ్వేతాశ్వతరోపనిషత్తు జగత్కారణం ఏమిటని వెతుకుతూ కాలం, స్వభావం, నియతి పక్కన యదృచ్ఛను కూడా నిలబెట్టి చూసింది. భారతంలో అరణ్యవాసంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ దైవాన్నీ మనిషి పూనికనూ వేరుచేసి, ఆ రెంటికీ చెందకుండా ఊరికే వచ్చిపడేదానికి హఠమని ఇంకో పేరు పెట్టింది. నిండు సభలో అంత జరిగిన మనిషి, అంతా దైవమేనని సరిపెట్టుకోకుండా ఆ మూడో గది తెరిచి ఉంచిందంటే నాకు ఆమె మీద గౌరవం పెరుగుతుంది. ఆ గది తలుపు మనమే తర్వాత మూసేశాం. ఇంగ్లీషు మాట వచ్చి మళ్ళీ తీసింది.

మా అన్న లారీ డ్రైవరు. తాడిపత్రి బండలు మద్రాసు వైపు తోలి, తిరుగులో ఇనుము ఏసుకొచ్చేవాడు. ఆయనా, ఆయన స్నేహితుడూ ఒకే ఓనరు దగ్గర పనిచేసేవాళ్ళు. రెండూ పాత బండ్లే. ఒక వేసవిలో రెండింటికీ బ్రేక్ లైనింగు అరిగిపోయింది. ఇద్దరూ ఓనరుకు చెప్పారు. “ఈ ట్రిప్పు కానీయండి, వచ్చినాక సూద్దాం” అన్నాడాయన. ఇద్దరూ సరేనన్నారు. తిరుగులో గువ్వలచెరువు దగ్గర ఆగి, టీ తాగి, ఇంటికి పాలకోవా కట్టించుకుని, ఒకరి వెనక ఒకరు కడప వైపు ఘాట్ దిగారు. ముందు దిగింది మా అన్న. ఒక మలుపులో బ్రేకు పట్టలేదు. గేర్లు తగ్గించుకుంటూ, కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకుంటూ, ఎట్లో కిందకొచ్చి పడ్డాడు. రోడ్డు ఖాళీగా ఉంది. కాసేపటికి వెనక బండి దిగేసరికి, మేకపిల్ల వెనక పరుగెత్తుతూ ఒక పిల్లవాడు రోడ్డెక్కాడు.

అన్న ఇంటికొచ్చి, “లక్కు బాగుంది పాపా, బతికి బయటపడినా” అన్నాడు. స్నేహితుడి సంగతి చెబుతూ, “వాని ఖర్మ, ఏం జేస్తాం” అన్నాడు. పిల్లవాని సంగతి వచ్చేసరికి మా వదిన “వాడికి అంతే రాసిపెట్టింది” అంది. ఒకే బ్రేకు, ఒకే ఘాట్, ఒకే నిర్లక్ష్యం, మూడు పేర్లు. అందులో మూడోది నాకు ఇప్పటికీ గొంతు దిగదు. మేకపిల్ల వెనక పరుగెత్తడానికి ఏ జన్మ అప్పు కావాలి? చిన్నపిల్లల చావుకు ఖర్మ అని చెప్పడం సిద్ధాంతంగా పొసగవచ్చు గాక, మనిషి నోట రాకూడదని నా పట్టుదల. అక్కడ లక్కు అనే వట్టిమాటే మర్యాదైన మాట. అది చచ్చిపోయినవాడి మీద నేరం మోపదు.

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్త్వవేత్తలు మోరల్ లక్ అనే విషయం మీద జంటగా పత్రాలు రాశారు. విలియమ్స్ ఉదాహరణలో ఒక లారీ డ్రైవరు ఉన్నాడు, అతని బండి కింద పిల్లవాడు పడతాడు. నేగెల్ ఇంకొంచెం బిగించాడు: ఆ డ్రైవరు బ్రేకులు చూపించుకోవడం మానేసి ఉంటే? పిల్లవాడు ఎదురు రాకపోతే అదే తప్పుకు తనను తాను అంతగా నిందించుకోడు కదా! ఆ పేజీ చదివినప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఎవరో వెళ్ళి ఆయనకు చెప్పారా అనిపించింది.

కానీ నాకు తృప్తినిచ్చిన జవాబు మా ఊరికి కూతవేటు దూరంలో దొరికింది. ఉరవకొండ దారిలో కొనకొండ్ల ఉంది. దిగంబర జైనులు మహావీరుడు, గౌతమ గణధరుల తర్వాత తలుచుకునే కుందకుందాచార్యుడి ఊరు అదేనంటారు. అక్కడి రససిద్ధుల గుట్ట మీద బండకు చెక్కిన తీర్థంకరుల బొమ్మలున్నాయి. ఆయన ప్రాకృతంలో రాసిన ప్రవచనసారంలో ఈ ప్రశ్న సూటిగా తేలిపోతుంది. ఎదుటి జీవి చచ్చినా చావకపోయినా, ఏమరుపాటుగా నడిచినవాడికి హింస అంటినట్టే. నాలుగు మూరల ముందు నేల చూసుకుంటూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచే మునికి మాత్రం, కాలికింద ప్రాణి పోయినా అంతమాత్రాన కర్మబంధం లేదు. ఫలితానికి లెక్కలో చోటే లేదు. ఆయన తూకంలో మా అన్నా, ఆయన స్నేహితుడూ సమానం.

చట్టం అట్లా తూచదు. అప్పటి ఐపీసీలో ప్రమాదకరంగా బండి తోలితే 279 సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. అదే తోలడంలో ప్రాణం పోతే 304-ఎ కింద రెండేళ్ళ వరకు. 2024 జూలై 1 నుంచి వచ్చిన న్యాయ సంహితలో మొదటిది ఆరు నెలలుగానే ఉంది, రెండోది ఐదేళ్ళకు పెరిగింది. తప్పు పెరగలేదు, లక్కుకు మనం కట్టే వెల పెరిగింది. పిల్లవాని తల్లి దగ్గర ఈ వాదన పెట్టే ధైర్యం నాకు లేదు, ఆమెకు కుందకుందుడు అక్కర్లేదు. అయినా నేరం విషయంలో ఆయనదే న్యాయమనుకుంటాను.

తర్వాతి సంగతిలోనే ఆయనతో నాకు పేచీ. బంధం సమానమైనా ఇద్దరి బతుకులూ సమానంగా సాగలేదు. స్నేహితుడికి లాయరు, బంధువులు, చివరకు పోలీసాయన కూడా “బ్యాడ్ లక్ లేప్పా, నీదేం తప్పు లేదు” అని నచ్చజెప్పారు. అతను వినలేదు. స్టీరింగు వదిలేసి బండల ఫ్యాక్టరీలో కూలికి చేరాడు. విలియమ్స్ అన్నదీ ఇదే: అలాంటి మనిషిని అందరం ఓదారుస్తాం, ఓదార్చాలి కూడా, కానీ అతను వెంటనే ఓదారిపోతే మాత్రం మనకే అనుమానం వస్తుంది. లక్కు అనే మాట చుట్టూ ఉన్నవాళ్ళు అతనికి ఇవ్వవచ్చు. అతను తనంతట తాను తీసుకోకూడదు. మా అన్న తనకు తాను తీసుకున్నాడు కదా అని అడిగితే, నా దగ్గర జవాబు లేదు. ఆయన నా అన్న.

మొన్న ఉగాదికి వచ్చినప్పుడు కుందకుందుడి మాట అన్నకు విప్పి చెప్పాను. లెక్క ప్రకారం మీరిద్దరూ ఒకటే అన్నా అన్నాను. కోపం వస్తుందనుకున్నా. రాలేదు. “ఇద్దరమేంది పాపా, ముగ్గురం. ఓనరును యాడ పెట్టినాడు మీ ఆచార్యులు?” అన్నాడు.

ఒంటిమీద గుడ్డ కూడా లేకుండా కాలినడకన తిరిగే మునుల కోసం రాసినవాడు కుందకుందుడు. వాళ్ళకు ఓనరు ఉండడు, ట్రిప్పు బాడుగ ఉండదు. మోటారు వాహనాల చట్టం మాత్రం ఓనరును మరచిపోలేదు. 1988 నాటి ఆ చట్టంలో 190వ సెక్షన్ ఉంది: లోపమున్న బండిని తోలినవాడితో పాటు, తెలిసి తోలనిచ్చినవాడికి కూడా శిక్ష. అది చదివి వినిపించాను. అన్న కాసేపు ఆలోచించి, “మరి ఆయప్ప పేరు కేసులో యాడా రాలేదే!” అన్నాడు. అవును, రాలేదు.