మిగిలిన వెల ఎవరు చెల్లింతురు?



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఒక సహోదరుడు నాయొద్దకు వచ్చి తన ఫోనులో ఒక కారు ఫొటో చూపెను. ఆయనకు భీమవరము దగ్గర రొయ్యల చెరువులు కలవు. వరుసగా రెండు పంటలు చేతికి వచ్చినవి. ఆ కారు బెంట్లీ కంపెనీవారి కాంటినెంటల్ జీటీ. "అయ్యగారూ, కొత్తదైతే ఇది కోట్ల రూపాయలు. పదియేండ్లు దాటినది గనుక అందులో చిన్న భాగమునకే వచ్చుచున్నది. ఇంత చవకగా దొరికినప్పుడు కొనుట పాపమా?" అని అడిగెను.

పాపమని ఒక్క మాటలో చెప్పి పంపివేయుట సులభము. దేవుడు నిన్ను ఆశీర్వదించెను, కొనుమని చెప్పుట అంతకన్న సులభము. మన సంఘములలో ఆ రెండు మాటలు చెప్పువారును కలరు. నేను ఆ రెండును చెప్పలేదు. ఆయన ప్రశ్నలో ఒక మాట నా మనస్సున నాటుకొనెను. అది "చవక" అను మాట. కోట్ల వస్తువు లక్షలకు వచ్చినప్పుడు మిగిలిన వెల ఏమాయెను? అది ఎవరు చెల్లించిరి? ఇక ఎవరు చెల్లింతురు? నీ యింటికి ఇట్టి కారు ఎన్నడును రాకపోవచ్చును. అయినను చవకయని చెప్పి మనము కొనిన వస్తువు ఒక్కటియైనను లేని యిల్లు మనలో ఎవరికున్నది? కావున ఈ ప్రశ్న నీదియు నాదియు కూడ.

మొదట ఆ కారు ఎట్టిదో తెలిసికొందము. జీటీ యనగా గ్రాండ్ టూరింగ్. పదునేడు, పదునెనిమిది శతాబ్దములలో ఇంగ్లండు దేశపు ధనవంతుల కుమారులు చదువు ముగించుకొని ఫ్రాన్సు, ఇటలీ దేశములను చుట్టివచ్చుటకు గ్రాండ్ టూర్ అని పేరు. ఆ పేరే తరువాతి కాలమున, ఇద్దరు మనుష్యులను వారి సామానుతో కూడ బహుదూరము, అలసట లేకుండ, అతివేగముగా కొనిపోవు కార్లకు వచ్చెను. 2003లో వెలువడిన మొదటి కాంటినెంటల్ జీటీకి పండ్రెండు సిలిండర్లతో ఆరు లీటర్ల ఇంజను కలదు. అది గంటకు 300 కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలదు. మన దేశమున నాలుగు వరుసల రహదారిమీద కార్లకు 2018లో కేంద్రప్రభుత్వము నిర్ణయించిన గరిష్ఠ వేగము 100 కిలోమీటర్లు. ఇక మన కాలువగట్ల త్రోవ సంగతి చెప్పనేల? ఒక ప్రక్క కాలువ, మరియొక ప్రక్క చెరువు, ఎదుట వడ్లబస్తాల ట్రాక్టరు. అక్కడ ఎంతటి కారైనను ఎడ్లబండి వెనుక ఎడ్లబండియే.

ఇది ఎగతాళి కాదు. నేర్పరులైన పనివారు శ్రద్ధతో చేసిన యంత్రమును చూచి సంతోషించుట తప్పు కాదు. అవసరమునకు మించినదెల్ల పాపమని ప్రభువు చెప్పలేదు. అయితే లెక్క చూచుకొనుమని చెప్పెను. లూకా సువార్త 14వ అధ్యాయమున, గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి దానిని ముగించుటకు తగినంత తనకు కలదో లేదో చూచుకొనవలదా అని అడిగెను. పునాది వేయుట అందరికిని సాధ్యమే. ముగించుటలోనే మనిషి బయటపడును.

పాత కారులో ఈ లెక్క ఎట్లుండునో చూడుడు. ఇట్టి కారును ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నిండిన రబ్బరు తిత్తులు మోయుచుండును. ఏండ్లు గడిచిన కొలది ఆ రబ్బరు పగులును. ఇంజను ఎంత ఇరుకుగా అమర్చబడినదనగా, కొన్ని మరమ్మతులకు దానిని మొత్తముగా క్రిందికి దింపవలెను. చెడినప్పుడు మన ఊరి మెకానిక్కు దానిమీద చేయి వేయడు. లారీమీద ఎక్కించి దూరపు నగరమునకు పంపవలెను. పాతబడిన కొలది కారు ధర తగ్గును గాని దాని విడిభాగముల ధర తగ్గదు. కోట్ల కారుకు కోట్ల కారు భాగములే పట్టును. లక్షల కారు భాగములు పట్టవు. ధరలో తగ్గిన సొమ్ము మొదటి యజమాని నష్టపోయిన సొమ్ము. ఆయన ఓర్చుకొనెను. ఇక రాబోవు ఖర్చు నీది.

నీది మాత్రమేనా? ఇక్కడనే, చదువరీ, లెక్క గంభీరమగుచున్నది. రొయ్యల సాగు ఎట్టిదో మన ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. 1990ల నడిమి యేండ్లలో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులే ఊడ్చుకొనిపోయెను. 2009 తరువాత వనామీ రొయ్య వచ్చి చెరువులు మరల నిండెను. 2025 ఆగస్టులో అమెరికా మన సరకుల మీద సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు రైతులు ఎట్లు తల్లడిల్లిరో చూచితిమి. ఒక పంట పోయిన యేటనే కారు గాలితిత్తియు పగిలినయెడల మొదట ఆగునది ఏది? యజమాని భోజనము ఆగదు. పిల్లల ఫీజు ఆగదు. చెరువుగట్టున పాకలో రాత్రింబగళ్లు కాపుండి, మేత చల్లి, ఏరియేటర్లు కనిపెట్టుకొనియుండు పనివాని జీతము ఆగును. "వచ్చే పట్టుబడికి ఇచ్చెదములే" అందుము. వాడును సరే ననును. వేరే దారి లేదు గనుక.

నేను ఆ సహోదరుని ఒక్క ప్రశ్న అడిగితిని: "మీ పనివారికి ఏ నెలవరకు జీతము ముట్టినది?" ఆయన తల వంచుకొనెను. కోత కోసినవారి బిగబట్టబడిన కూలి మొరపెట్టుచున్నదని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయమున వ్రాసెను. ఆ మొరను పొరుగువారు వినకపోవచ్చును గాని దేవుడు వినుచున్నాడని ఆయన చెప్పెను.

రెండవ లెక్క పన్నుది. అమ్మువాడు ఆయనకు మరియొక ఉపాయము చెప్పియుండెను: "యానాములో ఒక చిరునామా చూపుదము, పన్నులో లక్షలు కలిసివచ్చును." యానాము మన డెల్టాలోనే యున్నను మన రాష్ట్రములోనిది కాదు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో భాగమై యున్నది. అక్కడ కాపురముండువాడు తన కారును అక్కడ నమోదు చేయించుకొనుట న్యాయమే. అక్కడ ఒక్క రాత్రియైనను నిద్రింపనివాడు అక్కడ కాపురమున్నట్లు వ్రాయించుట అబద్ధము. 2017లో కేరళ రాష్ట్రమున ఇట్టిదే బయటపడెను. అక్కడి ధనవంతులు కొందరు తమ విలాసపు కార్లను పుదుచ్చేరిలోని తప్పుడు చిరునామాలతో నమోదు చేయించి స్వరాష్ట్రపు పన్ను తప్పించుకొనిరని కేసులు నడిచెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒక రాష్ట్రములో నమోదైన కారును మరియొక రాష్ట్రములో 12 నెలలకు మించి ఉంచుకొనువాడు దానిని ఆ రెండవ రాష్ట్రమున మరల నమోదు చేయించవలెను.

"ప్రభుత్వము ఏమి పేదదా?" అని అడుగువారు కలరు. కాదు, అయితే పేదవాడు ప్రభుత్వమునకు చెల్లించుచున్నాడు. 1852లో ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను పూర్తి చేసిన నాటినుండి మన కాలువలును వాటి గట్లును ప్రజల సొమ్ముతోనే నిలిచియున్నవి. సైకిలు మీద పనికి పోవు కూలివాడు సబ్బుబిళ్ల కొనినప్పుడెల్ల పన్ను చెల్లించుచున్నాడు. పన్ను ఎగవేసిన కారు పరుగెత్తు త్రోవకు వాడు వెల ఇచ్చుచున్నాడు. ఆ కారు వాని ప్రక్కనుండి బురద చిమ్ముచు పోవును. కైసరుది కైసరునకు ఇయ్యవలెనని ప్రభువు చెప్పినది కైసరు మీది జాలిచేత కాదని మనకు తెలియును.

మూడవ లెక్క సత్యమునకు సంబంధించినది. 2015 డిసెంబరులో చెన్నై పట్టణమును వరదలు ముంచినప్పుడును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడును లెక్కలేనన్ని కార్లు నీట మునిగెను. మునిగిన కారును కడిగి, ఆరబెట్టి, సువాసన చల్లి, దూరపు ఊరిలో అమ్మువారు కలరు. సీటుబెల్టును చివరివరకు లాగి చూడుము. ఒండ్రుమట్టి చార దాగదు. క్రింద పరచిన తివాచీ ఎత్తి చూడుము. స్టెప్నీ చక్రము ఉంచు గుంటలో చేయి పెట్టి చూడుము. తిరిగిన కిలోమీటర్ల అంకె తగ్గించియుండవచ్చును గనుక తెలిసినవానిచేత కంప్యూటరు పరీక్ష చేయించుము. మోసపోకుండుట ధర్మమే.

అయితే కొనువాడును నిర్దోషి కాడు. కొనువాడు సరకు పనికిరాదు, పనికిరాదని తీసిపారవేసి, ఇంటికి పోయిన తరువాత తన బేరమును గూర్చి అతిశయించునని సామెతల గ్రంథము 20వ అధ్యాయము తెలుపుచున్నది. అప్పుల పాలై అమ్ముకొనుచున్నవాని అవసరము కనిపెట్టి వాని గొంతుమీద కూర్చుండి తగ్గించిన ధర చవకయగునా? కాగితములమీద పేరు మార్చుకొనకుండ కారు వాడుకొనువారును కలరు. 2018లో సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము, నమోదు పుస్తకములో ఎవని పేరు ఉండునో చట్టము దృష్టిలో వాడే యజమాని. నీవు నడుపు కారు ఒకనిని గుద్దినయెడల, నీకు అమ్మివేసి నిశ్చింతగా నున్నవాని మీదికి పరిహారము పోవచ్చును. తుదకు నీవును ఆ కారును ఒకనాడు అమ్ముదువు. నిన్ను విసిగించిన లోపమంతయు ఆ దినమున నీ నోట వచ్చునా, లేక తరువాతివాని నెత్తిన పడునా?

ఈ మూడు లెక్కలును ఒక్కటే చెప్పుచున్నవి. చవకయైనది ధర మాత్రమే. మిగిలిన వెల ఎవరో ఒకరు చెల్లింతురు. నీవే చెల్లించగలిగి, సంతోషముగా చెల్లించినయెడల అది నీ స్వాతంత్ర్యము. నీ పనివాడో, త్రోవన పోవు కూలివాడో, నీ తరువాత కొనువాడో చెల్లించినయెడల అది చవక కాదు; అది తీసికొనుట. ఎరుగనివాని జేబులోనుండి తీసికొనినను తీసికొనుటయే.

ఇంకొకటి మనలను మనము అడుగుకొనవలెను. కోట్ల కారు పాతదైనను వాకిట నిలిచినప్పుడు చూచువారికి కోట్లే కనబడును. మనము కొనగోరునది కారునా, ఆ చూపునా? చూపు కొరకు కొనినవానికి ఆ కారు ఎన్నడును చాలదు. అంతకన్న పెద్దది పొరుగింటికి వచ్చు దినము ఒకటి ఉండనే యున్నది.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయమున ఒక రథము కలదు. ఐతియొపీయుల రాణి ధనాగారమంతటి మీద ఉన్న అధికారి ఆరాధించుటకు యెరూషలేమునకు వచ్చి, తిరిగి తన దేశమునకు పోవుచుండెను. అది నిజముగా గొప్ప ప్రయాణము. ఆ రథమును ఆ కాలమునకు సామాన్యుల వాహనము కాదు. పరిశుద్ధాత్ముడు ఆ రథమును విడిచిపెట్టుమని ఆయనతో చెప్పలేదు. ఫిలిప్పుతో దానిని కలిసికొనుమని చెప్పెను. కాలినడకన పరుగెత్తి వచ్చిన ఒక అపరిచితుని చూచి ఆ అధికారి ధూళికాళ్లతో ఎక్కవద్దనలేదు. ఎక్కి తనతో కూర్చుండుమని వేడుకొనెను. ఆ రథములో చోటుండెను గనుక దానిలోనికి సువార్త వచ్చెను.

మన డెల్టాకు సువార్తయు ఒక దూరప్రయాణము మీదనే వచ్చెను. 1836లో బౌడెన్, బీరు అను ఇద్దరు సామాన్యులు ఇంగ్లండునుండి ఓడ యెక్కి వచ్చి, నరసాపురము కేంద్రముగా ఈ కాలువల నడుమ సేవ చేసిరి. వారు ఏ వాహనము మీద తిరిగిరని మన తాతలు చెప్పుకొనలేదు. ఎవరికొరకు వచ్చిరో చెప్పుకొనిరి. మన ప్రభువు యెరూషలేమున ప్రవేశించినప్పుడు ఎక్కిన గాడిద పిల్ల అంతకుముందు ఎవరును ఎక్కనిదే. అయితే అది కొన్నది కాదు, అడిగి తెప్పించుకొన్నది. దాని యజమానులు అడిగినప్పుడు శిష్యులు దాచక సమాధానము చెప్పిరి.

ఆ సహోదరుడు కొన్ని వారముల తరువాత మరల కనబడెను. కారుకు బయానాగా ఇయ్యదలచి ఉంచిన సొమ్ములోనుండి తన పనివారికి బాకీపడిన జీతములన్నియు తీర్చితినని చెప్పెను. "నలుగురిలో ఒకడు సొమ్ము లెక్కపెట్టకుండనే జేబులో వేసికొని ఇంటికి పరుగెత్తెను అయ్యగారూ, వాని బిడ్డకు జ్వరమట, నాకు తెలియనే తెలియదు" అని చెప్పి ఆగిపోయెను. యానాము మాట ఇక తలపెట్టననెను. కారు సంగతి ఇంకను ఆలోచించుచున్నాననెను. నేను తొందరపెట్టలేదు. ఆ సొమ్ము ఆయనది. ఆ లెక్కయు ఆయన దేవునియెదుట చెప్పవలసినదే.

చదువరీ, నీవు కొనగోరునది కారు కాకపోవచ్చును. పొలమో, బంగారమో, బిడ్డ పెండ్లికి పందిరియో కావచ్చును. బేరము కుదిరిన రాత్రి నిద్రించుటకు ముందు ఒక్క క్షణము మోకరించి అడుగుము: "ప్రభువా, ఇందులో నేను చెల్లింపని వెల ఏదైన మిగిలియున్నదా? అది ఎవరిమీద పడుచున్నది?" ఆయన ఒక పేరు జ్ఞాపకము చేసినయెడల తెల్లవారగనే ఆ యింటికి పొమ్ము.