ఎవరి విశ్రాంతి దినము?

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 5:12–15, మార్కు 2:23–28



ములుగు జిల్లా గోవిందరావుపేట మండలములోని లక్నవరము చెరువు మీలో పలువురు చూచినదే. కాకతీయుల కాలమున కొండల సందులకు కట్టలు వేసి ఆ నీటిని నిలిపిరి. వేడుకకు కాదు, వరిపొలముల కొరకు నిలిపిరి. నేటికిని ఆ నీరు పొలములకు పారుచున్నది. అయితే మన కాలములో అక్కడ దీవులకు వ్రేలాడు వంతెనలు కట్టిరి. పడవలు, బస గదులు వచ్చినవి. ఆదివారము వచ్చినదనగా పట్టణములనుండి జనము కార్లలోను బస్సులలోను తరలివత్తురు.

ఇట్టి విహారస్థలముల దాపున చిన్న చిన్న పల్లెలుండును. పది పదిహేను క్రైస్తవ కుటుంబములు, ఒక రేకుల గుడి, నెలకు ఒకటి రెండు మారులు వచ్చు అయ్యగారు, ఇంతే సంఘము. అట్టి పల్లెలలో ఒకదానిలో ఒక విధవరాలు నన్ను ఇట్లడిగినది: “అయ్యగారూ, ఆదివారం నాడు పొత్తులు కాల్చి అమ్ముకుంటే పాపమా? ఆ ఒక్క దినం అమ్మితేనే నాకు వారం గడుస్తది.”

ఆమె చెరువు కట్ట మీద మొక్కజొన్న పొత్తులు అమ్మును. గుడి గంట ఉదయము పది గంటలకు మ్రోగును. బస్సులును ఆ వేళకే దిగును. మూడు నెలలుగా ఆరాధనకు రాలేదు గనుక ఆమెను ప్రభువు బల్లకు రానీయకూడదని పెద్దలలో కొందరనిరి.

“పాపమే” అనుట నాకు సులభము. కాని ఆదివారము నేనును పనిచేయువాడనే; నాకు సోమవారము విశ్రాంతి యున్నది. ఆమెకు ఏ వారమున్నది? ఇంటికి వచ్చి ఆజ్ఞను మరల చదివితిని. అది యజమానునితో నిలిచిపోదు. కుమారుని, కుమార్తెను, దాసుని, దాసిని, ఎద్దును, గాడిదను, ఇంటనున్న పరదేశిని పేరుపేరున లెక్కించుచున్నది. మీరును ఐగుప్తులో దాసులై యుండిన సంగతి మరువవద్దని హెచ్చరించుచున్నది. కావున విశ్రాంతి ఇయ్యగల చెయ్యి ఎవరిదో, ఆ ఆజ్ఞ బరువు మొదట వారి మీదనే పడును. ఆదివారము పొత్తు కాల్చిన ఆమె తప్పు ఎంత? కారు దిగి, బేరమాడి, రెండు రూపాయలు తగ్గించి తిన్న విశ్వాసి తప్పు ఎంత?

అట్లని “పోనిమ్ము, అమ్ముకొనుము” అని చేతులు దులుపుకొనుటయు ప్రేమ కాదు. విశ్రాంతి దినము మనుష్యుని కొరకే నియమింపబడినదని ప్రభువు సెలవిచ్చెను. మనుష్యుని కొరకైనచో ఆమె కొరకు కూడ. వాక్యము, పాట, తోటి విశ్వాసుల పలకరింపు లేక ఆమె ఆత్మ ఎండిపోవుచుండగా మనము ఊరకుండవచ్చునా? డబ్బున్నవారికి మాత్రమే దొరకునది దేవుడిచ్చిన విశ్రాంతి కానేరదు.

ఆ సంఘము పది దినములు వాదించుకొనెను. ఆరాధన తెల్లవారుజామున ఐదున్నరకు జరుపుదమని కొందరనిరి. రాత్రి పొలమునకు నీరు కట్టి వచ్చువారికి అది కష్టమే. అప్పుడు ఒక వృద్ధురాలు, “ఆ స్త్రీలు చీకటితోనే ప్రభువు సమాధి కాడికి పోలేదా? మనకేమాయె?” అన్నది. ఆ మాటకు ఎవరును ఎదురు చెప్పలేదు. ఇప్పుడు ఆ విధవరాలు ఆరాధన ముగించుకొని కట్టకు పోవును. మంగళవారము పొయ్యి ముట్టింపక విశ్రమించును. పడవ నడుపు యువకునికి మాత్రము ఆ వేళయు చిక్కలేదు. అతని కొరకు పెద్దలే బుధవారము సాయంత్రము అతని యింట ప్రార్థన పెట్టుకొనిరి. అది చాలునని నేననను. కాని అతనిని విడువలేదు.

మనమును క్రిస్మసు వెళ్లిన పిమ్మట, క్రొత్త సంవత్సరమున, యౌవనస్థులతో చెరువులకు పోవుదుము. అది తప్పు కాదు. శిష్యులు అలసియుండగా ప్రభువే వారిని పడవ మీద ఏకాంతస్థలమునకు తోడుకొని పోయెను (మార్కు 6:31). అక్కడ జనులు ఎదురుపడగా ఆయన విసుగుకొనలేదు. వారిమీద కనికరపడి, బోధించి, రొట్టె పెట్టెను. కావున మనమును పోయినప్పుడు ఆదివారము మాని వేరొక దినము పోవుదము. పేదవారితో బేరమాడకుందము. తిన్న ప్లాస్టిక్ పళ్లెములను నీటిలో పడవేయకుందము. ఆ నీరే దిగువను ఒకని వరిమడికి పారును. వడ్డించువానిని, పడవ నడుపువానిని, “నీకు సెలవు ఎప్పుడు?” అని అడుగుదము.

ప్రార్థన: ప్రభువా, మా విశ్రాంతి మరియొకరికి భారము కాకుండ మమ్మును కాపాడుము. మాకు పనిచేసి పెట్టువారి అలసటను చూచు కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.