సైంధవుడి పాపం

కాలిఫోర్నియా తీరంలో రాళ్లను అంటిపెట్టుకుని బతికే ఆల్చిప్ప ఎక్కడికీ పారిపోలేదు. తిండి కోసం మొప్పల్లోంచి నీటిని లాగుతూ ఉండాలి, ఆ నీటిలో విషం వస్తే అక్కడే కాచుకోవాలి. అందుకే దాని మొప్పల కణాల పొరలో కొన్ని ప్రోటీన్లు కాపలా ఉంటాయి. చొరబడ్డ విషపు అణువును పట్టుకుని బయటికి నెట్టేస్తాయి. మన పేగుల్లోనూ ఇలాంటివే ఉన్నాయి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి హాప్కిన్స్ మెరైన్ స్టేషన్‌లో లుకెన్‌బాక్, ఎపెల్ అనే శాస్త్రవేత్తలు ఆ మొప్పలను కృత్రిమ కస్తూరి కలిపిన నీటిలో ఉంచి చూశారు. సబ్బులకూ డిటర్జెంట్లకూ సువాసన ఇచ్చేది అదే. పరీక్ష కోసం నీటిలో ఒక రంగు కూడా కలిపారు. కాపలా బయటికి నెట్టాల్సిన ఆ రంగు కణాల్లోనే పేరుకుంది. తర్వాత మంచినీటిలోకి మార్చినా మర్నాటికి కూడా కాపలా పూర్తిగా తేరుకోలేదు. ఇది 2005లో అచ్చయింది.

జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నన్ను ఈ ఫలితం ధర్మసందేహంలో పడేసింది. కస్తూరి ఆల్చిప్పను చంపలేదు. రేపు ఏ పురుగుమందో చంపితే, ఆ పాపం ఎవరిది?

అభిమన్యుణ్ణి సైంధవుడు చంపలేదు. వెనకాల వస్తున్న పాండవులను పద్మవ్యూహం ముఖద్వారం దగ్గర ఆపాడు, అంతే. అయినా అర్జునుడు మర్నాడు సూర్యాస్తమయంలోగా చంపుతానని శపథం పట్టింది అతని మీదే. నాకు ఆ తీర్పు సరైనదనిపిస్తుంది. సైంధవుడు తెలిసి చేశాడు, మనం తెలియక చేశాం అంటారా? పతంజలి ఆ దారీ మూసేశాడు. లోభంతో, కోపంతో చేసిన హింసతోపాటు మోహంతో, అంటే అజ్ఞానంతో చేసినదాన్నీ హింసగానే లెక్కించాడు. 2005 తర్వాత ఆ అజ్ఞానం కూడా మనకు మిగల్లేదు.

2027లో గోదావరి పుష్కరాలు. రాజమహేంద్రవరం రేవుల్లో ఇప్పటికే మెట్ల సందుల్లో ఖాళీ షాంపూ ప్యాకెట్లు, వాటి పక్కనే తెల్లటి నురగ. నదిలో ఒళ్లు తోముకోకూడదని మన స్నానవిధి ఎప్పుడో చెప్పింది. సంకల్పం చెప్పించేటప్పుడు ఆ మాట కూడా చెప్పండని మా పురోహితుడు గారిని అడిగాను. "చెప్తానండీ, కానీ ఊరి మురుగుకాలవ తెచ్చే సబ్బునీళ్ల ముందు ఈ రేవు ఎంత?" అన్నారాయన. నిజమే, అడ్డుకట్ట రేవులో కాదు, మొదట్లోనే పడాలి. ఒక రసాయనానికి అనుమతి ఇచ్చేముందు అది ఎంత మోతాదులో చంపుతుందని చూస్తే చాలదు. జీవి కాపలాను అది ఏం చేస్తుందో కూడా పరీక్షించాలి, తక్కిన విషాలతో కలిపి పరీక్షించాలి. ఆ నిబంధన రాయాల్సింది ప్రభుత్వం. రాయమని అడగాల్సింది, ఆ నీటిలోనే మూడు మునకలు వేసే మనం.