కర్షక ఋణ ధర్మము

శ్రీమన్మహాభారతము సభాపర్వమున నారదమహర్షి ఇంద్రప్రస్థమునకు విచ్చేసి ధర్మరాజును కుశలమడుగు ఘట్టము కలదు. పేరునకు అవి కుశలప్రశ్నలే గాని, నిజమునకు రాజ్యపాలనమునంతటిని ఒక్కొక్క ప్రశ్నగా విప్పి చెప్పిన శాస్త్రమది. కోటలు భద్రముగా నున్నవా, ఆయవ్యయములు ప్రతిదినము లెక్క చూచుచున్నారా, సైనికులకు జీతములు వేళకు అందుచున్నవా అని అడుగుచు మహర్షి సేద్యమునకు వచ్చును. చెరువులు నిండియున్నవా, వ్యవసాయము కేవలము వానదేవుని దయపైననే నిలిచియున్నదా అని యడిగి, ఆ వెంటనే, కష్టములో నున్న కర్షకునకు విత్తనములను, తినుటకు గింజలను ఇచ్చుచున్నావా, స్వల్పమైన వడ్డీకి ఋణము అనుగ్రహించుచున్నావా అని ప్రశ్నించును.

ఈ ప్రశ్న ఏ వరుసలో వచ్చినదో పాఠకులు గమనింపవలెను. దానధర్మముల వరుసలో రాలేదు; కోటల వరుసలో, కోశాగారముల వరుసలో వచ్చినది. కర్షకునకు ఋణము దొరకునట్లు చూచుట పాలకునకు కోటగోడను చూచుకొనుట వంటి విధి యని మహర్షి హృదయము. అది దయగల ప్రభువు వేయు భిక్ష కాదు.

మరియొక విశేషము. మహర్షి వాడిన శబ్దము కర్షకుడు. కృష ధాతువునకు ధాతుపాఠము విలేఖనమను అర్థము చెప్పినది. విలేఖనమనగా గీయుట. నాగటి కర్రుతో నేలను గీయువాడు కర్షకుడు. నేలకు యజమాని యైనవానిని చెప్పుటకు క్షేత్రస్వామి, క్షేత్రికుడు అను వేరు మాటలు శాస్త్రములలో ఉండనే యున్నవి. ఇరువురును ఒక్కరే కావచ్చును, కాకపోవచ్చును. పాఠశాలలో మా గురువుగారు ఇట్టి శబ్దభేదములను దాటిపోనిచ్చెడివారు కారు. ఒక మాటకు బదులు మరియొక మాట పెట్టినచో, ఒకనికి రావలసిన అన్నము వేరొకని విస్తరిలో పడునని వారు పరిహాసముగా అనెడివారు.

నేడు మన ఆంధ్ర, తెలంగాణ గ్రామములలో జరుగుచున్నది సరిగా నిదియే. పొలము ఒకరిది, సేద్యము మరియొకరిది. భూస్వామి పట్టణమున ఉద్యోగమున నుండును, లేదా పిల్లలతో కలిసి దేశాంతరమున నుండును. ఊరిలో నున్న కౌలుదారు మక్తాకో పాలుకో ఆ పొలమును తీసికొని దున్నును, విత్తును, ఎరువు వేయును, వాన రాకున్న ఏడ్చును. బ్యాంకు గుమాస్తా అడుగునది పట్టాదారు పాసుపుస్తకము. అది పట్టణమున నున్నవాని బీరువాలో నున్నది. ఒక్కొక్కచోట ఆ పాసుపుస్తకము మీద పంటఋణము ఎత్తబడియే యున్నది. ఎత్తినవాడు నాగలి పట్టని భూస్వామి. అదే పొలమునకు రెండవ పంటఋణ మెట్లిత్తుమని బ్యాంకువారందురు. వారి మాటలో తప్పు లేదు. నాగలితో నేలమీద వ్రాసినవాని వ్రాత మాత్రము ఎవరును చదువుటలేదు.

ఈ విషయమున ప్రభుత్వములు ఊరకున్నవని అనరాదు. 1951-52లో రిజర్వు బ్యాంకు జరిపించిన గ్రామీణ ఋణ పరిశీలనలో, సేద్యగాండ్రు తెచ్చుకొన్న అప్పులో నూటికి సుమారు 70 పాళ్లు వడ్డీవ్యాపారులదే యని తేలినది. సహకార సంఘములది సుమారు 3 పాళ్లు. వాణిజ్య బ్యాంకులది ఒక పాలునకు తక్కువ. అటుపై 1969లో 14 బ్యాంకులు జాతీయము చేయబడినవి. 1975లో గ్రామీణ బ్యాంకులు, 1982లో నాబార్డు, 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చినవి. 2014లో జనధన పథకముతో కూలిపని చేసికొను ఇల్లాలికి సైతము ఖాతా ఏర్పడినది. ఇది సామాన్యమైన పని కాదు. కాని ఖాతా యనునది తలుపు మాత్రమే. ప్రభుత్వము వేసిన డబ్బు తీసికొనుటకు ఆ తలుపు తెరచుకొనుచున్నది. విత్తనములకు, ఎరువులకు, బిడ్డ జబ్బునకు అప్పు కావలసివచ్చినప్పుడు అదే తలుపు మూసికొనుచున్నది. కౌలుదారులకును, నోటిమాట కౌలుదారులకును, పాలుకు చేయువారికిని కిసాన్ కార్డు ఇయ్యవచ్చునని నిబంధనలలో స్పష్టముగా నున్నది. 2025 జనవరి నుండి రెండు లక్షల రూపాయల వరకు వ్యవసాయ ఋణమునకు తాకట్టు అడుగరాదని రిజర్వు బ్యాంకు చెప్పినది. ఐనను నిబంధన గ్రంథములో నున్నది, పాసుపుస్తకము అడుగు అలవాటు బల్ల దగ్గర నున్నది.

బ్యాంకు పొమ్మన్నవాడు ఎక్కడికి పోవును? ఎరువుల కొట్టునకు, లేదా పంట కొను దళారి వద్దకు. నూటికి నెలకు మూడు రూపాయలకు నోటు వ్రాయును. అరువది వేల రూపాయలు ఎనిమిది నెలలకు తెచ్చినచో వడ్డీ 14,400 రూపాయలు. అంతియే ధనము బ్యాంకులో పంటఋణముగా దొరకినచో సాలుకు నూటికి ఏడు చొప్పున 2,800. గడువులోపల చెల్లించి రాయితీ పొందినచో నాలుగు చొప్పున 1,600. నేల ఒక్కటే, వాన ఒక్కటే, చెమట ఒక్కటే. తేడా పదమూడు వేలకు దగ్గర. అది ఆ యింటి ఆడపిల్ల చదువు కావచ్చును. పైగా దళారి వద్ద అప్పు తెచ్చినవాడు పంటను అతనికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలెను. ఆ నష్టము ఏ నోటులోను కనబడదు.

మన శాస్త్రకారులు వడ్డీని నిషేధింపలేదు, హద్దు పెట్టిరి. వసిష్ఠమతము ననుసరించి మనువు చెప్పినది నూటికి నెలకు రూపాయి పావలా. కౌటిల్యుడును అదియే ధర్మ్యమనెను. వ్యాపారమునకు ఐదు, అడవులు దాటి పోవు వర్తకులకు పది, సముద్రయానము చేయువారికి ఇరువది వరకు ఒప్పుకొనెను. అపాయము పెరిగినకొలది వడ్డీ పెరుగునని ఆయనకు తెలియును. ఐనను కర్షకుని ఆ వర్తకుల వరుసలో చేర్చలేదు. ధాన్యపు అప్పుకు పంట చేతికి వచ్చునాటికి వృద్ధి సగమునకు మించరాదనెను. మన పల్లెలలో నాము, నాగు అని పిలువబడు ధాన్యపు అప్పునకు ఇది మూలమేమో యని నాకు తోచును. సేద్యపు పనులు సాగుచున్న కాలమున అప్పు నిమిత్తమై కర్షకుని పట్టరాదని కూడ ఆయనయే విధించెను. ఎన్ని యేండ్లు గడచినను వడ్డీ అసలును మించరాదని మనువు కట్టుదిట్టము చేసెను.

ఒక్కచోట మాత్రము స్మృతివాక్యమును సమర్థించుటకు నాకు నోరు రాదు. తాకట్టు లేని అప్పునకు వర్ణక్రమమున రెండు, మూడు, నాలుగు, ఐదు అని వడ్డీ పెంచుచు పోయిన వాక్యమది. లేనివాని వద్ద హెచ్చుగా తీసికొనుట అందులోని ఫలితము. ఆ శ్లోకము నేడు చదువువారు లేకపోయినను, దాని ప్రకారమే లోకము నడచుచున్నది. ఉన్నవానికి నూటికి ఏడు, లేనివానికి ముప్పదియారు.

ఇక బ్యాంకువారి పక్షమున చెప్పవలసిన మాట యొకటి కలదు; దానిని తేలికగా త్రోసివేయరాదు. బ్యాంకులోని ధనము బ్యాంకుది కాదు. ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయుడు, భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు దాచుకొన్న సొమ్మది. శాస్త్రమున దానికి నిక్షేపమని పేరు. నిక్షేపమును కాపాడుట మహాధర్మము, పోగొట్టుట మహాపాతకము. కనుక హామీ లేనిదే ఇయ్యజాలమని మేనేజరు అన్నచో అతనిని కఠినుడనరాదు. ప్రశ్న వేరు. హామీ యనగా భూమి కాగితము ఒక్కటియేనా?

కాదని మన పల్లెపడుచులే నిరూపించిరి. 1992లో నాబార్డు స్వయంసహాయక బృందములను బ్యాంకులతో కలుపు ప్రయత్నము నారంభించెను. పదిమంది ఆడవారు కలిసి, మొదట తమలో తాము పొదుపు చేసికొని, ఒకరికొకరు పూచీపడి అప్పు తీసికొనుట అందలి పద్ధతి. భూమి కాగితము లేదు, బంగారము లేదు. ఇరుగు పొరుగు సాక్ష్యమే హామీ. తెలుగునాట ఆ బృందములు ఊరూర వెలసినవి; చెల్లింపులో మంచి పేరు తెచ్చుకొన్నవి. అటులని పేదలకు అప్పిచ్చు ప్రతివాడును ధర్మాత్ముడని అనుకొనరాదు. 2010లో సూక్ష్మఋణ సంస్థలు కొన్ని ఒకే యింటికి అప్పుమీద అప్పు అంటగట్టి, వారము వారము వాకిట కూర్చుండి వసూలుచేయగా, ఆత్మహత్యల వార్తలు వచ్చి, ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చినది. అప్పు అందుట వేరు, న్యాయముగా అందుట వేరు.

ఈ విచారమున మనకు దూరపు దృష్టాంతములు ఏల? వడ్డికాసులవాని సన్నిధికి వచ్చువారమే గదా మనము. వేంకటాచల మాహాత్మ్యమున చెప్పబడిన కథ ఎల్లరెరిగినదే. శ్రీనివాసుడు కొండకు వచ్చునప్పటికి ఆ నేల వరాహస్వామిది. ఉండుటకు చోటడిగిన స్వామి చేతిలో ధనము లేదు. ప్రథమపూజ, ప్రథమనైవేద్యము, ప్రథమదర్శనము నీకు అని మాట యిచ్చి చోటు పొందెను. అందుచేతనే నేటికిని ముందు వరాహదర్శనము చేసికొనుట మన ఆచారము. పిమ్మట పద్మావతీ పరిణయమునకు ధనము కావలసివచ్చినప్పుడు కుబేరుని అడిగెను. కుబేరుడు ఊరకే ఇయ్యలేదు, పత్రము వ్రాయించుకొనెను. బ్రహ్మ, శివుడు, అశ్వత్థవృక్షము సాక్షులు. కాని కొండ ఎవరి పేర నున్నదని మాత్రము అడుగలేదు. స్వంతనేల లేని స్వామికి సాక్ష్యముపై, మాటపై ఋణమిచ్చెను. కుబేరుని వంటి కోశాధిపతికి చాలిన హామీ మన బ్యాంకులకు చాలదా యని అడుగుట అధికప్రసంగము కాదనుకొందును.

అయితే ఈ కథలో మనము తరచుగా మరచునది వరాహస్వామి పాత్ర. భూమిని ఉద్ధరించినవాడే ఆ భూమిలో చోటిచ్చెను. ఇచ్చినట్లు లోకమునకు తెలియనిచ్చెను. కౌలుదారునకు లేనిది సరిగా ఈ తెలియనిచ్చుటయే. 2011లో ఆంధ్రప్రదేశమున వచ్చిన చట్టము కౌలుదారులకు ఋణార్హత కార్డు నిచ్చినది, దాని గడువు ఒక సంవత్సరము. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము పదునొకండు నెలలకు భూస్వామి సంతకముతో ఒప్పందపత్రము కోరినది. సంతకము చేయుటకు భూస్వాములు భయపడిరి. కాగితము మీద కౌలుదారు పేరు పడినచో భూమి చేయిదాటునేమో యని వారి సందేహము. 1950, 1956 సంవత్సరములనాటి కౌలుచట్టముల జ్ఞాపకము ఈ భయమునకు మూలము. ఆ భయము నిరాధారమని నేననను. కాని 2019 చట్టము యజమాని హక్కునకు భంగము కలుగదని స్పష్టముగా చెప్పినది. పత్రము పంటకు సంబంధించినదే గాని నేలకు సంబంధించినది కాదు.

ఈ పుటలు చదువువారిలో ఊరిలో భూమి కౌలుకిచ్చి పట్టణమున నున్నవారు పలువురు కలరు. ఏటేట తిరుమలకు వచ్చి స్వామి అప్పు తీర్చుటకు హుండీలో వేయుదురు. సంతోషము. మీ పొలము దున్నువాడు ఆ యేడు ఎంత వడ్డీకి తెచ్చినాడో ఒక్కమారు అడిగి తెలిసికొనుడు. మీ పాసుపుస్తకము మీద మీరు దున్నని నేలకు పంటఋణ మున్నచో దానిని తీర్చివేయుడు. అది కర్షకుని వంతు. ఒప్పందపత్రము మీద సంతకము చేయుడు. పదునొకండు నెలల పత్రము గనుక ఇది ఏటేట చేయవలసిన పని. జ్యేష్ఠపూర్ణిమ ఏరువాక, అంతకు ముందే ఊరికి పోవుట మేలు. ఏరువాక దాటినపిమ్మట పోయినచో, మీ కౌలుదారు అప్పటికే కొట్టులో విత్తనములు అరువు తెచ్చి, నోటు వ్రాసి యుండును.