రిపోర్టు వచ్చేలోగా

నర్సంపేట దగ్గరి ఒక పల్లెలో షుగర్ ఉన్న ముసలి రైతు ఉండేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. మూడు నెలలకోసారి పరీక్షలకు తీసుకెళ్లే పని వాళ్లిద్దరూ వంతులవారీగా చూసుకునేవారు.

పెద్దవాడు పద్ధతి గలవాడు. పరగడుపున రక్తం ఇప్పించి, టిఫిన్ తినిపించి, రెండు గంటలు కాగానే మళ్లీ ఇప్పించేవాడు. రిపోర్టులు సాయంత్రానికి గానీ రావు. అందాకా తండ్రిని ఆసుపత్రి బెంచీ మీదే కూర్చోబెట్టేవాడు. "ఎట్లుంది పెద్దాయనా?" అని డాక్టరు అడిగితే, "మంచిగనే ఉంది సారూ" అనేవాడు తండ్రి. మందులు రాయించుకుని ఇంటికొచ్చేవారు. పెద్దవాణ్ని తప్పు పట్టలేం. ఈ మాత్రం చూసుకునే కొడుకులు మాత్రం ఎందరున్నారు?

ఒకసారి చిన్నవాడి వంతు వచ్చింది. రెండోసారి రక్తం ఇచ్చాక, "పాకాల దాకా పోయొద్దామా బాపూ?" అన్నాడు. పది పన్నెండు కిలోమీటర్లే. దారి పొడవునా అడవి. వానలు పడి చెరువు నిండుగా ఉంది.

కట్ట ఎక్కగానే ముసలాయన మనిషే మారిపోయాడు. కాకతీయ గణపతిదేవుని ఏలుబడిలో, 1213 ప్రాంతంలో, గుట్టల నడుమ కట్టిన చెరువది. ఆ ఆయకట్టులోనే ఆయన ఒళ్లు అరగదీశాడు. తూము ఎక్కడ, మత్తడి ఎప్పుడు దుంకుతుంది, ఇక్కడి నీళ్లే మున్నేరై కృష్ణలో ఎలా కలుస్తాయి, అన్నీ చెప్పుకుంటూ ముందు నడుస్తున్నాడు. వెనక వస్తున్న కొడుకు ఆగిపోయాడు. తండ్రి కుడికాలి చెప్పు జారి వెనకే పడి ఉంది. ఆయన మాత్రం గులకరాళ్ల మీద అలాగే నడిచిపోతున్నాడు.

"చెప్పు జారింది తెలుస్తలేదా బాపూ?"

"ఎండకాలం సంది అరికాలు మొద్దుబారింది బిడ్డా. డాక్టరు దగ్గర అంత లైను ఉంటది. ఇంత చిన్నదానికి ఆయన్నేం సతాయిస్తం?"

అది చిన్నది కాదు. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే కాళ్ల నరాలు దెబ్బతింటాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. తెలియని గాయం పుండై, కాలికే ముప్పు తెస్తుంది. సాయంత్రం డాక్టరు అరికాళ్లకు సన్నటి నైలాన్ పోగు తాకించి చూశాడు. చాలాచోట్ల ఆ స్పర్శ ముసలాయనకు అందలేదు. ఒట్టి కాళ్లతో నడవొద్దని, రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలని చెప్పి మందు మార్చాడు.

నీతి: రక్తంలో షుగర్ ఎంతుందో పరీక్ష చెబుతుంది. కాలు ఎప్పుడు మొద్దుబారిందో మనిషే చెప్పాలి. పెద్దవాళ్లు అలాంటివి అడగ్గానే చెప్పరు. నలుగురిలో చెప్పడానికి మొహమాటం, పిల్లలకు భారమవుతామని భయం. తమకు నచ్చిన చోట తీరిగ్గా నడుస్తున్నప్పుడు వాటంతటవే బయటికొస్తాయి.

చెరువు లేని ఊళ్లు మనకు తక్కువే. ఈసారి అమ్మనో నాన్ననో పరీక్షకు తీసుకెళ్లినప్పుడు, రిపోర్టు వచ్చేలోగా అటు తీసుకెళ్లండి. వాళ్ల అరికాళ్లు కూడా ఒకసారి చూడండి.